డీఎస్‌ఓ వాడేవారు పదేపదే అడిగే ప్రశ్నలు

నల్లగొండలో ఒక డిప్లొమా కళాశాల ల్యాబులో పని చేస్తాను. సాయంత్రం పూట ఇన్వర్టర్లు, స్టార్టర్లు, టీవీ బోర్డులు బాగుచేసే మిత్రుల దుకాణాల్లో కూర్చుంటాను. డీఎస్‌ఓ (డిజిటల్ స్టోరేజ్ ఆసిల్లోస్కోప్, అంటే విద్యుత్ సిగ్నల్ ఆకారాన్ని తెర మీద గీతగా చూపించే పరికరం) గురించి పగలు విద్యార్థులు "సార్" అని పిలిచి అడిగే సందేహాన్నే సాయంత్రం మెకానిక్కులు "అన్నా" అని పిలిచి అడుగుతారు. దేవరకొండ నుంచి, జడ్చర్ల నుంచి వచ్చే ఫోన్లలోనూ అవే సందేహాలు. చెప్పిందే చెప్పలేక ఇక్కడ రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## కొనే ముందు

పాత సీఆర్‌ఓ (కేథోడ్ రే గొట్టం ఉన్న ఆసిల్లోస్కోప్) బాగానే పనిచేస్తోంది. డీఎస్‌ఓ అవసరమా?

ఒకే ఆకారం మళ్లీ మళ్లీ వచ్చే సిగ్నల్ మాత్రమే చూస్తుంటే అవసరం లేదు. కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ 1897లో చేసిన గొట్టానికి సీఆర్‌ఓ వారసురాలు. ఎలక్ట్రాన్లు తెర మీద గీసిన గీత కళ్ల ముందే మాయమవుతుంది. డీఎస్‌ఓ అలా కాదు. సిగ్నల్‌ను సెకనుకు కోట్ల సార్లు కొలిచి, అంకెలుగా మార్చి దాచుకుంటుంది. రిలే ఒక్కసారి అంటుకున్నప్పుడు జరిగినదాన్ని పట్టి పెట్టి, తరవాత టీ తాగుతూ చూసుకోవచ్చు. ట్రిగ్గర్ (సిగ్నల్‌ను పట్టమని చెప్పే సంకేతం) తగలకముందు ఏం జరిగిందో కూడా చూపిస్తుంది. బోర్డులు బాగుచేసేవారికి డబ్బు పెట్టదగిన గుణం నా లెక్కలో ఇదే.

50 మెగాహెర్ట్జ్‌ది కొనాలా, 100దా, 200దా?

మీరు చూసే సిగ్నల్‌ను బట్టి ఉంటుంది. బ్యాండ్‌విడ్త్ అంటే ఆ ఫ్రీక్వెన్సీ వరకు సరిగ్గా చూపిస్తుందని కాదు, అక్కడికి వచ్చేసరికి ఎత్తు 70 శాతానికి పడిపోతుందని అర్థం. 50 మెగాహెర్ట్జ్ పరికరానికి 50 మెగాహెర్ట్జ్, 1 వోల్టు సైన్ తరంగం ఇస్తే తెర మీద సుమారు 0.7 వోల్టులే కనిపిస్తాయి. చతురస్ర తరంగాల ఆకారం చెడకుండా ఉండాలంటే సిగ్నల్ ఫ్రీక్వెన్సీకి అయిదు రెట్లు తీసుకోవడం పాత లెక్క. 16 మెగాహెర్ట్జ్ క్లాక్ చూడాలంటే 80 కావాలి, అంటే 100ది కొనాలి. ఇన్వర్టర్లు, ఛార్జర్లు, ఎల్‌ఈడీ డ్రైవర్లు, స్టార్టర్ బోర్డులే మీ పని అయితే 50 చాలు. మిగిలిన డబ్బును మంచి ప్రోబుల (సిగ్నల్‌ను పరికరానికి తెచ్చే తీగల) మీద పెట్టండి.

శాంపిల్ రేటు, మెమరీ డెప్త్ అంటున్నారు. ఇవి అమ్మేవారి మాటలా, నిజంగా పనికొస్తాయా?

పనికొస్తాయి. కాకపోతే అట్ట మీద అచ్చు వేసేది అత్యంత అనుకూలమైన అంకె. సెకనుకు 100 కోట్ల శాంపిళ్లు (కొలతలు) అని రాసి ఉన్న నాలుగు ఛానెళ్ల (సిగ్నల్ ఇచ్చే దారుల) పరికరంలో ఆ వేగాన్ని ఛానెళ్లు పంచుకోవడం మామూలు. నాలుగూ ఆన్ చేస్తే ఒక్కో దానికి 25 కోట్లే వస్తాయి.

మెమరీ సంగతి ఇంకా కీలకం. తెర మీది ఒక్కో గడికి 20 మిల్లీసెకన్లు పెడితే పది గడులకు 200 మిల్లీసెకన్లు అవుతుంది. మెమరీ 10,000 శాంపిళ్లే అయితే పరికరం తన వేగాన్ని సెకనుకు 50,000కు తగ్గించుకోక తప్పదు. అప్పుడు 40 కిలోహెర్ట్జ్ స్విచింగ్ సిగ్నల్ తెర మీద 10 కిలోహెర్ట్జ్‌గా కనిపిస్తుంది. అది దొంగ తరంగం. ఏలియాసింగ్ అంటే ఇదే. ఏదైనా ఫ్రీక్వెన్సీ నమ్మశక్యంగా లేకపోతే టైమ్‌బేస్ నాబును (గడికి ఎంత సమయమో మార్చేది) రెండు మూడు మెట్లు వేగం వైపు తిప్పి చూడండి. అసలు సిగ్నల్ అయితే సాగుతుందే తప్ప అంకె మారదు. దొంగదైతే మారిపోతుంది.

సెకండ్ హ్యాండ్ తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు, కళ్లతో చూసి మాత్రమే. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్లేవారు సొంత ప్రోబు ఒకటి జేబులో పెట్టుకుని వెళ్లండి. పరికరం ముందు ఉండే పరీక్ష కొక్కేనికి తగిలించి, ప్రతి ఛానెల్‌లోనూ 1 కిలోహెర్ట్జ్ చతురస్ర తరంగం ఒకే ఎత్తులో వస్తోందా చూడండి. ప్రతి నాబునూ నిదానంగా తిప్పండి, అంకెలు ముందుకూ వెనక్కీ దూకితే నాబు అరిగినట్టు. ఫ్యాన్ చప్పుడు వినండి. వీలైతే అరగంట ఆన్‌లోనే ఉంచండి. వేడెక్కాక బయటపడే జబ్బులు చాలా ఉంటాయి. అమ్మేవాడు విసుక్కుంటే ఆ పరికరం మీకు వద్దు.

## పెట్టె విప్పిన రోజు

మా దుకాణంలో ఎర్తింగ్ లేదు. మూడో పిన్ను తీసేసి వాడవచ్చా?

వద్దు. ఈ పేజీలో ఒక్క జవాబే చదివేవారు ఉంటే వారు చదవవలసింది ఇదే.

ప్రోబు నల్ల క్లిప్పు, ప్రోబు తగిలించే బీఎన్‌సీ సాకెట్ బయటి లోహం, పరికరం చట్రం, ప్లగ్గులోని ఎర్త్ పిన్ను అన్నీ లోపల ఒకే తీగ. ఎర్త్ లేకపోతే పవర్ సప్లై ఫిల్టర్‌లో ఫేజుకూ చట్రానికీ, న్యూట్రల్‌కూ చట్రానికీ మధ్య ఉండే చిన్న కెపాసిటర్ల వల్ల చట్రం దాదాపు సగం లైను వోల్టేజీ దగ్గర, అంటే 115 వోల్టుల దగ్గర తేలుతుంది. తాకితే సన్నగా జిల్లుమనేది అదే. చేతికి అది చురుకు మాత్రమే కావచ్చు. మీ చేతిలోని మైక్రోకంట్రోలర్‌కు ప్రాణం పోవడానికి చాలు. ఎర్త్ లేకుండా ఫేజు తీగకు క్లిప్పు తగిలిందంటే పరికరం చట్రమంతా ఫేజే.

ఎర్త్ గుంత తీయించండి. ఉన్న గుంతనైనా వేసవిలో పట్టించుకోండి. మన నేలలు మార్చికే బిగిసి ఎండిపోతాయి, నీళ్లు పోయకపోతే గుంత ఉన్నా లేనట్టే. ఎర్త్‌కూ న్యూట్రల్‌కూ మధ్య మల్టీమీటర్ పెడితే ఒకటి రెండు వోల్టులు చూపించడం మామూలు. పదులలో ఉంటే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి, డీఎస్‌ఓను తరవాత ఆన్ చేయవచ్చు.

ప్రోబు మీద చిన్న స్క్రూ ఉంది. అది దేనికి?

కాంపెన్సేషన్‌కు. 10ఎక్స్ స్థానంలో ప్రోబు లోపలి 9 మెగా ఓమ్‌లు, పరికరం లోపలి 1 మెగా ఓమ్ కలిసి వోల్టేజీని పదో వంతు చేస్తాయి. రెండు వైపులా కెపాసిటెన్స్ కూడా అదే నిష్పత్తిలో కుదరాలి. కుదర్చడానికే ఆ స్క్రూ. ప్రోబును 10ఎక్స్‌లో పెట్టి, పరీక్ష కొక్కేనికి తగిలించి, చతురస్రం మూలలు చూడండి. మూల గుండ్రంగా జారితే తక్కువైంది, కొమ్ములా పైకి లేస్తే ఎక్కువైంది. ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్‌తో మెల్లగా తిప్పితే తలుపు చెక్కలా చదునవుతుంది. ప్రోబును ఒక ఛానెల్ నుంచి ఇంకో ఛానెల్‌కు మార్చినా మళ్లీ చూసుకోవాలి. నిమిషం పని ఇది. మా ల్యాబులో దీన్ని చేయకుండా ప్రయోగం మొదలుపెట్టేవారే ఎక్కువ.

5 వోల్టులు ఇస్తే 50 వోల్టులు చూపిస్తోంది. పాడైందా?

లేదు. ప్రోబు మీద మీట 1ఎక్స్‌లో ఉంది, ఛానెల్ మెనూలో 10ఎక్స్ అని ఉంది. తిరగేసి ఉంటే 0.5 చూపిస్తుంది. రెండూ ఒకటే చేయండి. ఎప్పుడూ 10ఎక్స్‌లోనే ఉంచడం మంచి అలవాటు. 1ఎక్స్‌లో మామూలు ప్రోబు బ్యాండ్‌విడ్త్ 6 మెగాహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది, సర్క్యూట్ మీద బరువూ ఎక్కువ పడుతుంది.

## రోజూ వాడేటప్పుడు

గీత పరుగెడుతూనే ఉంది, నిలవడం లేదు. ఏం చేయాలి?

ట్రిగ్గర్ చూడండి. ముందుగా ట్రిగ్గర్ సోర్స్ మీ ప్రోబు ఉన్న ఛానెలేనా? సిగ్నల్ రెండో ఛానెల్‌లో, ట్రిగ్గర్ ఒకటో ఛానెల్‌లో ఉండడం అన్నిటికంటే మామూలు తప్పు. తరవాత తెర అంచున ఉండే ట్రిగ్గర్ లెవెల్ బాణం తరంగానికి మధ్యలోకి రావాలి. తరంగానికి పైనో కిందో ఉంటే పరికరానికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు.

అయినా వణుకుతుంటే సిగ్నల్‌లో నాయిస్ ఉన్నట్టు. ట్రిగ్గర్ మెనూలో నాయిస్ రిజెక్ట్ గానీ హై ఫ్రీక్వెన్సీ రిజెక్ట్ గానీ పెట్టండి. గుంపులు గుంపులుగా వచ్చే పల్సులకు, ఉదాహరణకు రిమోట్ కంట్రోల్ సిగ్నల్‌కు, హోల్డ్ ఆఫ్ కావాలి. ఒక గుంపు పూర్తయ్యేదాకా మళ్లీ ట్రిగ్గర్ కావద్దని చెప్పడమే హోల్డ్ ఆఫ్.

ఒక్కసారి వచ్చి మాయమయ్యే సిగ్నల్‌ను పట్టేది ఎలా?

సింగిల్ మోడ్‌తో. బోరు స్టార్టర్‌లోని రిలే అంటుకునేటప్పుడు కాంటాక్టు ఎన్నిసార్లు ఎగిరెగిరి పడుతుందో చూడాలనుకుందాం. స్టార్టర్‌ను లైను నుంచి పూర్తిగా విడదీసి, ఆ కాంటాక్టు గుండా 5 వోల్టుల బ్యాటరీ సప్లై, ఒక రెసిస్టర్ పెట్టండి. గడికి 1 మిల్లీసెకను, 1 వోల్టు. ట్రిగ్గర్ లెవెల్ 2.5 వోల్టులు, ఎక్కే అంచు. సింగిల్ నొక్కండి. పరికరం కాచుకుని కూర్చుంటుంది. ఇప్పుడు రిలేను పని చేయించండి. గీత పడి ఆగిపోతుంది.

పడకపోతే ట్రిగ్గర్ లెవెల్ తప్పు. పడినా అంచు తెరకు ఎడమ కొసన ఉంటే, ట్రిగ్గర్ స్థానాన్ని మధ్యకు జరిపి మళ్లీ చేయండి. అరిగిన కాంటాక్టులో మిల్లీసెకన్ల తరబడి పళ్లదువ్వెనలా పల్సులు వస్తాయి. కొత్తదానితో పక్కపక్కన చూపిస్తే రైతుకు ఇక వేరే మాట చెప్పనక్కరలేదు.

ఏసీ కప్లింగ్ పెట్టాలా, డీసీ పెట్టాలా?

డీసీ. ఏసీ పెట్టేది ఒక్క సందర్భంలోనే: పెద్ద డీసీ మీద కూర్చున్న చిన్న అలను చూడాలంటే. ఏసీ సిగ్నల్‌కు ఏసీ కప్లింగ్ అని పేరును బట్టి అనుకోవద్దు. ఏసీలో పెడితే దారిలో ఒక కెపాసిటర్ వచ్చి డీసీ భాగాన్ని ఆపేస్తుంది. 12 వోల్టుల బ్యాటరీకి తగిలించినా సున్నా చూపిస్తుంది. నిదానమైన చతురస్ర తరంగాల పైకప్పు కూడా వాలిపోతుంది.

ఏమీ కలపకుండానే తెర మీద అలలు వస్తున్నాయి.

ప్రోబు కొన యాంటెన్నాలా గది వైరింగ్ నుంచి 50 హెర్ట్జ్‌ను పట్టుకుంటోంది. రెండు శిఖరాల మధ్య 20 మిల్లీసెకన్లు ఉన్నాయా చూడండి. కొనను దాని క్లిప్పుకే తగిలిస్తే చదునవుతుంది. చదునైతే పరికరం క్షేమం. చదును కాకపోతే క్లిప్పు తీగ లోపల తెగి ఉంటుంది. తెగేది ఎక్కువగా అదే.

ఆటోసెట్ (సెట్టింగులన్నీ తనే కుదిర్చే బటన్) నొక్కితే చాలు కదా?

మొదటి వారం చాలు. మా ల్యాబు పరీక్షల్లో ఆ బటన్ మీద కాగితం అతికిస్తాను.

12 వోల్టుల సప్లై రిపుల్ (డీసీ మీద మిగిలిన చిన్న అల) 200 మిల్లీవోల్టులు చూపిస్తోంది. నిజంగా అంత ఉందా?

బహుశా లేదు. ప్రోబుతో వచ్చే పొడవాటి నల్ల తీగ, ప్రోబు కొన కలిసి ఒక తీగచుట్ట అవుతాయి. స్విచింగ్ ట్రాన్స్‌ఫార్మర్ చిమ్మే అయస్కాంత క్షేత్రం ఆ చుట్టలో ముళ్లలాంటి స్పైకులు పుట్టిస్తుంది. అవి సప్లైవి కావు, మీ తీగవి. క్లిప్పు తీగ తీసేసి, ప్రోబు కొన టోపీ విప్పి, పెట్టెలో వచ్చిన చిన్న స్ప్రింగును కొన పక్కన ఉన్న లోహపు రింగుకు తగిలించండి. కొనను, స్ప్రింగును సప్లై అవుట్‌పుట్ కెపాసిటర్ రెండు కాళ్ల మీద నేరుగా ఆనించండి. ఏసీ కప్లింగ్, 20 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్ లిమిట్ పెట్టండి. అంకె సగానికి సగం పడిపోవడం నేను చాలాసార్లు చూశాను.

రిపుల్ 10 మిల్లీసెకన్లకు ఒకసారి వస్తే అది 100 హెర్ట్జ్, అంటే బ్రిడ్జి తరవాతి పెద్ద కెపాసిటర్ ఎండిపోయి ఉండవచ్చు. కిలోహెర్ట్జ్‌లలో ఉంటే అవుట్‌పుట్ వైపు కెపాసిటర్లు చూడండి. ఆ స్ప్రింగును పనికిరానిదని పారేసినవారు ప్రోబు కొన చుట్టూ రాగి తీగ చుట్టి చేసుకోవచ్చు.

తెర మీద తరంగం మరీ చిన్నగా ఉన్నా కొలత అంకె వస్తోంది కదా, సరిపోదా?

సరిపోదు. మామూలు డీఎస్‌ఓలో నిలువునా ఉన్నవి 256 మెట్లే, ఎందుకంటే లోపలి కన్వర్టర్ 8 బిట్లది. ఎనిమిది గడులలో ఒక్క గడిలో సిగ్నల్‌ను ఇరికిస్తే దానికి దక్కేవి సుమారు 30 మెట్లు. వోల్టుల నాబు తిప్పి ఆరేడు గడులు నిండేలా పెంచాక కొలవండి.

## కరెంటు లైను మీద

230 వోల్టుల లైనును నేరుగా చూడవచ్చా?

తరంగం ఆకారం చూడడమే మీ కోరిక అయితే నేరుగా వద్దు. 12 వోల్టుల చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి సెకండరీ వైపు చూడండి. శిఖరం 17 వోల్టులకు కాస్త అటూ ఇటూగా వస్తుంది, లోడు లేకపోతే ఇంకొంచెం ఎక్కువ. ఆకారం దాదాపు అదే.

230 అనేది ఆర్‌ఎంఎస్, అంటే ఒక రకం సగటు విలువ. శిఖరం 325, శిఖరం నుంచి లోయకు 650 వోల్టులు. తప్పనిసరై నేరుగా కొలవాలంటే డిఫరెన్షియల్ ప్రోబు (ఎర్త్‌తో పని లేకుండా రెండు బిందువుల మధ్య తేడా చూపేది) కొనాలి. అది లేని చోట రెండు ప్రోబులతో తీసివేత చేయవచ్చు: రెండూ 10ఎక్స్‌లో పెట్టి, నల్ల క్లిప్పులు రెండిటినీ ఒకదానికొకటి తగిలించి సర్క్యూట్‌కు దూరంగా ఉంచి, కొనలను మాత్రమే రెండు బిందువులకు ఆనించి, మ్యాథ్ మెనూలో ఒకటో ఛానెల్ నుంచి రెండో ఛానెల్‌ను తీసేయాలి. ప్రోబు మీద రాసి ఉన్న వోల్టేజీ హద్దును, మాన్యువల్‌లోని ఇన్‌పుట్ హద్దును చూశాకే.

ఎస్‌ఎంపీఎస్ (స్విచింగ్ పవర్ సప్లై) బోర్డుకు క్లిప్పు పెట్టగానే మెరుపు వచ్చి ఫ్యూజు ఎగిరిపోయింది. ఎందుకు?

ప్రైమరీ వైపు పెద్ద కెపాసిటర్ నెగటివ్ కాలును గ్రౌండు అనుకుని తగిలించారు. బోర్డు మీద గ్రౌండు గుర్తు ఉన్నా అది ఎర్త్ కాదు. లైను ఫేజుకూ ఆ కాలుకూ మధ్య బ్రిడ్జిలోని ఒక్క డయోడే ఉంది. క్లిప్పు ద్వారా ఆ కాలు ఎర్త్‌కు కలవగానే ఒక అర్ధ చక్రంలో ఎర్త్‌కూ ఫేజుకూ మధ్య కరెంటు డయోడు గుండా నేరుగా పరుగెడుతుంది. డయోడు, ఫ్యూజు, కొన్నిసార్లు ఛానెల్ కూడా పోతాయి. నేర్చుకునే రోజుల్లో నేనూ ఒక క్లిప్పు కొసను ఇలాగే కరిగించాను. ఆ నల్లబడ్డ క్లిప్పు ఇప్పటికీ నా సొరుగులో ఉంది, కొత్త బ్యాచ్‌కు అదే నా మొదటి పాఠం.

దారి ఏమిటంటే, బాగుచేస్తున్న బోర్డును ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (లైనుతో, ఎర్త్‌తో నేరుగా సంబంధం తెంచేది) మీద పెట్టండి. డీఎస్‌ఓను కాదు, బోర్డును. సీరీస్ బల్బు కూడా ఉంచండి, కానీ బల్బు ఐసోలేషన్ ఇవ్వదని మరవద్దు. ప్లగ్గు తీశాక పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా మిగిలి ఉండవచ్చు. కొన్ని వేల ఓమ్‌ల మంచి వాటేజీ రెసిస్టర్‌తో ఖాళీ చేసి, మల్టీమీటర్‌తో చూసి, అప్పుడు చేయి పెట్టండి.

బోరు మోటారు త్రీఫేజ్ లైను, వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే పరికరం) అవుట్‌పుట్ చూడాలి.

పొలంలో, స్తంభం కింద, మామూలు ప్రోబుతో వద్దు. రెండు ఫేజుల మధ్య 415 వోల్టులంటే శిఖరం 587. పైగా అక్కడ లోపం వస్తే పారే కరెంటు ఇంటి సాకెట్‌లో పారేదానికంటే ఎన్నో రెట్లు. పరికరాల మీద క్యాట్ 2, క్యాట్ 3 అని రాసేది ఈ తేడా గురించే. క్యాట్ 3కి తగిన డిఫరెన్షియల్ ప్రోబు, కరెంటుకు క్లాంప్ ప్రోబు ఉంటేనే దిగండి. ఫేజు పోయిందా, వోల్టేజీ తేడాగా ఉందా అన్నంతవరకు మంచి క్లాంప్ మీటర్ చాలు.

## జాగ్రత్తలు, మరమ్మతులు

ఎండాకాలంలో వాడవచ్చా? మాకు ఏసీ గది లేదు.

చాలా బల్ల పరికరాల మాన్యువల్‌లో 40 డిగ్రీల వరకు అని ఉంటుంది. మే నెలలో నల్లగొండ బయట 45 దాటే రోజులు ఉంటాయి, రేకుల షెడ్డులో ఇంకా ఎక్కువ. ఆ రోజుల్లో ఉదయం పది లోపు, సాయంత్రం ఆరు తరవాత పని పెట్టుకోండి. గోడకు ఆనించి పెట్టకుండా పక్కలా వెనకా జానెడు ఖాళీ వదలండి. కూలర్ గాలి నేరుగా తగలనివ్వవద్దు. దాని తేమ బీఎన్‌సీ సాకెట్లను తుప్పు పట్టిస్తుంది.

సున్నా గీత సున్నా దగ్గర ఉండడం లేదు. ఎలా సరిచేయాలి?

మెనూలో సెల్ఫ్ కాలిబ్రేషన్ ఉంటుంది. పరికరాన్ని అరగంట ఆన్‌లో ఉంచి, ప్రోబులన్నీ తీసేసి, అప్పుడు నడపండి. ప్రోబు ఉండగా నడిపితే ఆ తప్పునే నిజమని గుర్తుపెట్టుకుంటుంది. గది ఉష్ణోగ్రత అయిదు డిగ్రీలకు మించి మారినప్పుడు మళ్లీ చేయమంటాయి మాన్యువళ్లు. మన దగ్గర ఆ లెక్కన జనవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి చేస్తే సరి.

మాది మిర్యాలగూడ, పక్కనే రైస్ మిల్లు. దుమ్ము ఎలా ఆపాలి?

ఆపలేరు, తగ్గించగలరు. పని అయ్యాక, చల్లారాక పల్చటి నూలు గుడ్డ కప్పండి. నడుస్తుండగా కప్పవద్దు. నెలకోసారి ప్లగ్గు తీసి, గాలి రంధ్రాలను మెత్తని కుంచెతో దులపండి. బ్లోయర్ పెట్టేవారు ఫ్యాన్ రెక్కను పుల్లతో ఆపి ఊదండి. లేకపోతే అది విపరీతంగా తిరిగి బేరింగు పోతుంది. తెరకు కొద్దిగా తడిపి పిండిన గుడ్డ చాలు. థిన్నర్, పెట్రోలు, అసిటోన్ తగిలితే ప్లాస్టిక్ తెల్లబారుతుంది. గాలి రంధ్రాల దగ్గర చీమలు బారులు కడుతుంటే చీమల మందు చాక్‌పీసు గీతను బల్ల కాళ్లకు గీయండి, పరికరం మీద కాదు.

స్టెబిలైజర్ పెట్టాలా?

లోపలి సప్లై సాధారణంగా 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటుంది కాబట్టి తక్కువ వోల్టేజీకి భయం లేదు. భయపడవలసింది ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ తెగినప్పుడు. అప్పుడు కొన్ని ఇళ్లకు 400 వోల్టులకు దగ్గరగా వస్తుంది. ఎక్కువ వోల్టేజీకి లైను కట్ చేసే ప్రొటెక్టర్ ఒకటి పెట్టండి. ఉరుములు మొదలైతే మాత్రం ఏ ప్రొటెక్టర్‌నూ నమ్మకుండా ప్లగ్గు పీకండి.

ఒక ఛానెల్ పనిచేయడం లేదు.

ప్రోబు మార్చండి. తరవాత ఛానెల్ మార్చండి. లోపం ప్రోబుతో పాటు వెళ్లిందా, ఛానెల్‌లోనే ఉండిపోయిందా? ప్రోబుతో వెళితే కొత్త ప్రోబు, ఛానెల్‌లో ఉంటే డిఫాల్ట్ సెటప్ నొక్కి మరోసారి చూడండి. నా దగ్గరికి బస్సులో మోసుకొచ్చిన పరికరాల్లో సగానికి పైగా ఈ రెండు మెట్ల దగ్గరే బాగయ్యాయి. అయినా గీత కదలకపోతే ముందు భాగపు సర్క్యూట్ పోయింది. వారంటీ ఉంటే సీలు విప్పవద్దు.

కాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఏటా తీసుకోవాలా?

కొలతల మీద బిల్లులు, పరీక్ష నివేదికలు ఇచ్చే సంస్థలు ఎన్‌ఏబీఎల్ (ప్రయోగశాలలకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ప్రయోగశాల నుంచి తీసుకోవాలి. ఏడాదికోసారి అన్నది వాడుక. రిపేరు దుకాణానికి అక్కరలేదు. మంచి మల్టీమీటర్‌తో కొత్త 9 వోల్టుల బ్యాటరీని కొలిచి, డీఎస్‌ఓలో డీసీ కప్లింగ్‌తో చూసి పోల్చండి. రెండు మూడు శాతం తేడా ఈ జాతి పరికరాలకు సహజం.

పెన్‌డ్రైవ్ పెడితే గుర్తుపట్టడం లేదు.

చాలా పరికరాలు ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన వాటినే చదువుతాయి. పాత 4 లేదా 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి దీనికే కేటాయించండి. చిత్రంతో పాటు సీఎస్‌వీ ఫైలు కూడా దాచండి, చిత్రంలో కనిపించని అంకెలు అందులో ఉంటాయి. గడియారం తేదీ సరిచేశారా లేదా ముందే చూసుకోండి. మా ల్యాబులో ఒక ఏడాది పాటు దాచిన ఫైళ్లన్నిటి మీదా ఒకే తేదీ ఉంది.